తరతరముల నభోయాత్ర: ఒక ధర్మవిమర్శ

ఒక మనుష్యుని ఆయుర్దాయములో ముగియని ప్రయాణమును గూర్చిన కథలు ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమునుండి పాశ్చాత్య సాహిత్యమున పెరుగుచు వచ్చినవి. సూర్యుని విడిచి మఱొక నక్షత్రమునకు పోవు మహానౌక వీనికి వస్తువు. బయలుదేరినవారు గమ్యమును చూడరు. గమ్యము చేరువారు బయలుదేరిన చోటు నెఱుగరు. నడుమ పుట్టి నడుమనే గతించువారు రెంటి నెఱుగరు. ఇట్టిదానికి ‘తరతరముల నౌక’ యని పేరిడవచ్చును. ఈ కథలను శాస్త్రవినోదములుగా చదివి ప్రక్కనుంచుట వాడుక. కాని వీనిలో నున్న ముఖ్యప్రశ్న యంత్రశాస్త్రమునకు చెందినది కాదు, ధర్మమునకు చెందినది. ఇంకను పుట్టనివారి పేరిట ప్రతిజ్ఞ చేయుటకు పుట్టినవారికి అధికారము కలదా?

కథలు కల్పితములైనను వానికి మూలమైన లెక్క కల్పితము కాదు. సూర్యుని తరువాత భూమికి మిక్కిలి సమీపమున నున్న నక్షత్రము ప్రాక్సిమా సెంటారి. దాని దూరము సుమారు 4.24 కాంతి సంవత్సరములు. 1977లో బయలుదేరిన వాయేజర్-1 సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నది. ఆ వేగమున అంత దూరము పోవుటకు సుమారు 75,000 సంవత్సరములు పట్టును. కాంతివేగములో నూఱవవంతు సాధింపగలిగినను యాత్ర 424 ఏండ్లు సాగును. తరమునకు 25 ఏండ్ల చొప్పున పదునేడు తరములు. మొదటి తరము తాను కోరి నౌక నెక్కినది. తుది తరమునకు ఒక లోకము దొరకవచ్చును. నడిమి పదునైదు తరముల మాట యేమి?

ఈ ప్రశ్న బెంగుళూరునందలి తెలుగువారికి పరాయిది కాదు. 1975 ఏప్రిల్ 19న కక్ష్య చేరిన ఆర్యభట ఉపగ్రహము ఈ నగరపు పీణ్య పారిశ్రామికవాడలోని షెడ్లలో రూపొందినది. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ప్రధాన కార్యాలయమును ఇచ్చటనే కలదు. అదే నగరపు పాతభాగమున బళేపేట కలదు. ఒక చోట, ఒక వృత్తికై, తరము వెంట తరము నిలుచుట యనగా నేమో ఆ వీధి చరిత్ర చెప్పగలదు. నభోయాత్రా కథలను ఈ వీధి ప్రక్క నిలిపి చూచినచో ఏ కథ ధర్మమునకు చేరువగా వచ్చినదో, ఏది దారి తప్పినదో తేటపడును.

కథల పరంపర

ఈ ఊహకు ఆద్యులు శాస్త్రజ్ఞులే. అమెరికాలో రాబర్ట్ గొడార్డ్ 1918 జనవరిలో, సూర్యుడు చల్లారు కాలమున మానవజాతి చేయవలసిన వలసను గూర్చి ఒక వ్యాసము వ్రాసి కవరులో పెట్టి మూసి దాచెను. దీర్ఘనిద్రలో పోవుట సాధ్యము కానిచో తరము వెంట తరము నౌకలోనే గడపవలసి యుండునని అతడు తలచెను. రష్యాలో ట్సియోల్కోవ్‌స్కీ 1928లో వేలయేండ్ల నౌకాయాత్రను ఊహించెను. 1929లో ఇంగ్లండున బెర్నాల్, పది మైళ్ల వ్యాసముగల గోళములో ఇరువది ముప్పది వేలమంది నివసించుటను వర్ణించెను. ఈ మువ్వురి దృష్టియు ప్రధానముగా జాతి మీదనే నిలిచినది. జాతి బ్రదుకుట ముఖ్యము. ఆ గోళములో పుట్టిన ఒక బాలిక తన బ్రదుకును గూర్చి యేమనుకొనునో అను విచారము వెనుకబడినది.

ఆ విచారమును తెచ్చినవారు కథకులు. 1940లో డాన్ విల్‌కాక్స్ ఆరువందలేండ్ల యాత్రను కథగా వ్రాసెను. అందు ఒక ఆచార్యుడు సంప్రదాయరక్షకుడుగా నియమితుడై, నూఱేండ్ల కొకమాఱు దీర్ఘనిద్రనుండి లేచి, పూర్వుల ఆశయము నిలిచియున్నదో లేదో చూచును. లేచిన ప్రతిమాఱు జనము మారియుండును. తుదకు గమ్యము చేరునప్పటికి, తరువాత బయలుదేరిన వేగవంతమైన నౌకలవారు అచ్చట ముందే కాపురముందురు. ఈ ముగింపు హాస్యముగా చదువబడుచున్నది గాని, దానిలోని దుఃఖము పెద్దది. నడిమి తరముల త్యాగము వ్యర్థమైనది. పైగా అది వారు చేసిన త్యాగము కాదు, వారిచేత చేయింపబడినది.

రాబర్ట్ హైన్‌లైన్ 1941లో ప్రకటించిన ‘యూనివర్స్’ కథలో సంతతివారు తాము నౌకలో నున్నామను మాటనే మఱచిపోయిరి. వారికి నౌకయే విశ్వము; ‘యాత్ర’ యను పదము మతగ్రంథపు అలంకారమైనది; శాస్త్రజ్ఞులు పూజారులైరి. ఒక యువకుడు నక్షత్రములను కన్నులార చూచి వచ్చి చెప్పినను జనము నమ్మదు. 1958లో వెలువడిన బ్రయన్ ఆల్డిస్ నవల ‘నాన్-స్టాప్’ ఇంకను కఠినమైనది. అందలి నౌక భూమికి ఎప్పుడో తిరిగివచ్చినది, భూకక్ష్యలో తిరుగుచున్నది. లోపలివారి దేహధర్మము మారినదని యెంచి భూలోకవాసులు వారికి ఆ మాట చెప్పరు. రహస్యముగా వచ్చి వారిని పరిశీలించి పోవుదురు. హైన్‌లైన్ కథలో అజ్ఞానము కాలము చేసిన పని. ఆల్డిస్ కథలో అది మనుష్యులు చేసిన పని. ధర్మదృష్టితో చూచినచో రెండవదే పెద్ద దోషము. ఈ విషయమున ఆల్డిస్ తన పూర్వుని కంటె ముందునకు పోయెనని చెప్పవలెను.

2015లో వచ్చిన కిమ్ స్టాన్లీ రాబిన్సన్ నవల ‘అరోరా’ ఈ పరంపరకు ఎదురు నిలిచినది. సుమారు రెండువేలమంది నూటయరువది యేండ్లకు పైబడి ప్రయాణము చేసి టౌ సెటీ నక్షత్రమును చేరుదురు. అచ్చటి లోకము వారికి ప్రాణాంతకమగును. అప్పుడు వారిలో భేదము పుట్టి, కొందఱు అచ్చటనే వేఱుచోటు వెదకుటకు నిలుతురు. కొందఱు భూమికి మరలుదురు. మరలుట ఓటమి కాదని చెప్పుటకు ధైర్యము చేసినది ఈ నవల. భూమి చేరిన తరువాత నాయిక, మఱికొన్ని నౌకలను పంపవలెనని వాదించు వక్తమీద కలియబడును. కళాదృష్టితో ఆ ఘట్టము కొంత తొందరపాటుగా తోచును. వాదమున గెలువవలసిన చోట చేయి చేసికొనుట కథకునకు సులభమైన మార్గము. ఐనను ఆమె కోపమునకు కారణము సరియైనది. పంపువాడు వేఱు, పోవువాడు వేఱు అను సంగతిని ఆ వక్త మఱచెను.

కథలు ఇట్లుండగా గణితము తన దారిని పోయినది. 2018లో ఫ్రాన్సున ఫ్రెడెరిక్ మారన్, కామిల్ బెలుఫీ అనువారు 6,300 ఏండ్ల యాత్రకు కనీసము 98 మంది చాలునని కంప్యూటరు సహాయమున లెక్కవేసిరి. ఆ లెక్క నిలుచుటకు ఒక నియమము కావలెను: నౌకలోని జనసంఖ్యను ఏటేట చూచి, ఎవరెందఱు బిడ్డలను కనవలెనో దానినిబట్టి సవరింపవలెను. అనగా సంతతివారి విధేయత ఆ లెక్కలో ఒక అంకె. పుట్టబోవు స్త్రీ ఆ నియమమును ఒప్పుకొనునని ముందే భావింపబడినది. ఇది లెక్క వేసినవారి దోషము కాదు. వారు వస్తుస్థితిని నిజాయితీగా చూపిరి. చూడవలసినవాడు విమర్శకుడు.

పూర్వపక్షము

దీనికి ఎదురుగా రెండు వాదములు కలవు. మొదటిది: తన పుట్టుకకు ఎవ్వడును అంగీకారము తెలుపలేదు. పల్లెలో పుట్టినవాడు పల్లెను, పేదయింట పుట్టినవాడు పేదఱికమును కోరి పుట్టలేదు. నౌకలో పుట్టినవానికి మాత్రము ఎందుకీ ప్రత్యేక విచారము? రెండవది ఇంతకంటె సూక్ష్మమైనది. ఇంగ్లీషు తత్త్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లో విపులముగా చర్చించిన చిక్కు ఇది. నౌక బయలుదేరకున్నచో ఆ వ్యక్తులే పుట్టరు, వేఱెవరో పుట్టుదురు. బ్రదుకు దొరకినవానికి, ఆ బ్రదుకు భరింపదగినదైనంతవఱకు, హాని జరిగినదని యెట్లు చెప్పనగును?

మొదటి వాదమునకు సమాధానము సులభము. అంగీకారము లేకుండ పుట్టుట దోషము కాదు. అంగీకారము లేకుండ ఒక పనికై పుట్టింపబడుట దోషము. పల్లెలో బిడ్డను కన్న తల్లి, ఆ బిడ్డ పల్లెను విడిచినచో పల్లె నశించునని కనలేదు. నౌకలో బిడ్డను కను తల్లి, ఆ బిడ్డ మఱమ్మతుపని నేర్వకున్నచో నౌక నశించునని యెఱిగియే కనును. మనుష్యుని కేవలము సాధనముగా వాడరాదని కాంటు 1785లో చెప్పిన నియమము ఇచ్చట సూటిగా తగులును.

రెండవ వాదమునకు సమాధానము భారతకథలో దొరకును. సత్యవతిని తండ్రికిమ్మని దేవవ్రతుడు దాశరాజు నడిగినప్పుడు, రాజ్యము తనకు వలదని ముందుగా మాట యిచ్చెను. దాశరాజు తృప్తిపడలేదు. నీవు వలదంటివి సరే, నీకు పుట్టబోవువారు వలదందురా యని అతని సందేహము. దేవవ్రతుడు అప్పుడు తన కుమారుల పక్షమున ప్రతిజ్ఞ చేయలేదు. వారి హక్కును కట్టివేయుటకు తనకు అధికారము లేదని గ్రహించినట్లు, వివాహమునే మానుకొనెను. అందుచేతనే అతడు భీష్ముడయ్యెను. ఆ ప్రతిజ్ఞ కురువంశమునకు మేలు చేసెనా, కీడు చేసెనా యనునది వేఱు చర్చ. పుట్టనివారిని బంధించుటకు ధర్మ్యమైన మార్గము వారిని కనకుండుట యొక్కటే యని ఆ ఘట్టమునుండి తేలుచున్నది. పార్ఫిట్ అడిగినట్లు హాని యెవరికి అని వెదకనక్కఱలేదు. ప్రతిజ్ఞ చేసినవాడు తనది కానిదానిని ఇచ్చెను. దోషము అచ్చటనే కలదు.

దిలీపుని చోటు

ఐనచో తరతరములు సాగవలసిన పనియే అధర్మమా? కాదు. గంగావతరణకథ అట్టి పనికి మేలైన ఉదాహరణము. సగరుడు గంగను తెచ్చు ఉపాయము కానక గతించెను. అంశుమంతుడు తపస్సు చేసి, ఫలము చూడకయే స్వర్గస్థుడయ్యెను. దిలీపుడు పితరుల దుర్గతికి చింతించెను గాని నిశ్చయమునకు రాలేక, రాజ్యమును పాలించి, యజ్ఞములు చేసి, వ్యాధిచే గతించెను. భగీరథునకు ఫలము దక్కినది. లోకము భగీరథప్రయత్నమునే చెప్పుకొనుచున్నది. ధర్మవిచారమునకు భగీరథుని కంటె దిలీపుడు ముఖ్యుడు. దిలీపుడు ఆ పనిని సాధింపలేదు. ఐనను వంశము నశింపలేదు, రాజ్యము చెడలేదు, వాల్మీకి యాతని నిందింపలేదు. పని ఒక తరము ఆగినది. మఱు తరము తన యిచ్ఛతో దానిని చేపట్టినది.

తరతరముల కార్యము దేనికైనను ఇదియే గీటురాయి: అందు దిలీపునకు చోటు కలదా? ఒక తరము అలసినను, ఒప్పుకొనకున్నను, వేఱు దారి పట్టినను ఆ కార్యము వారిని చంపకుండ నిలువగలదా? నౌకలో దిలీపునకు చోటు లేదు. గాలిని శుద్ధిచేయు యంత్రమును ఒక తరము ఉపేక్షించినచో తరువాతి తరము ఉండదు. విల్‌కాక్స్ కథలోని సంప్రదాయరక్షకుడు దిలీపుని ఓర్వలేనివాడు. నూఱేండ్ల కొకమాఱు లేచి భగీరథుల కొఱకే వెదకును.

బళేపేట దృష్టాంతము

కన్నడమున ‘బళె’ యనగా గాజు. గాజుల బేరమును బట్టి బళేపేటకు ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. బెంగుళూరు పేటలు పెక్కింటి పేర్లు ఇట్టివే. అక్కిపేట బియ్యమునకు, అరళెపేట దూదికి, కుంబారపేట కుమ్మరులకు, గాణిగరపేట గాండ్లవారికి పేరుపడినవి. 1537లో మొదటి కెంపేగౌడ మట్టికోట కట్టి ఈ నగరమును నెలకొల్పెనని ప్రసిద్ధి. విజయనగర సామంతుడైన ఆయన పేర ‘గంగాగౌరీవిలాసము’ అను తెలుగు యక్షగానము చెప్పబడుచున్నది. కావున తెలుగునకు ఈ నగరముతో బంధము క్రొత్తది కాదు. బలిజలు, వైశ్యులు మొదలగు తెలుగు మాటలాడు కుటుంబములు ఈ పేటల వర్తకమున స్థిరపడినవి.

వృత్తికొక వీధి యను ఏర్పాటునకును నౌక ఏర్పాటునకును పోలిక స్పష్టము. బిడ్డ పుట్టకముందే వాని వీధి, వాని పని, వాడు చేసికొనవలసిన సంబంధము నిర్ణయమైయుండును. గాజుల వర్తకుని కొడుకు గాజుల మలారము నెత్తుకొనవలెను. ఈ బంధమును పొగడుటకు వీలులేదు. కులవృత్తి కట్టు కఠినమైనది. ఆడుపిల్లకు అందు ఎన్నిక మఱింత తక్కువ. ఐనను బళేపేట ఈనాటికిని నిలిచియున్నది. ఎట్లు నిలిచినది? గాజుల బేరమును మాత్రమే పట్టుకొని కాదు. నేడు ఆ వీధి వాద్యముల దుకాణములకును, పెండ్లిసరకునకును పేరొందినది. గాజులవారి మనుమలు వేఱు బేరములు పెట్టిరి. కొందఱు చదువులకు, కొలువులకు పోయిరి. క్రొత్తవారు వచ్చి పాత అంగళ్లలో చేరిరి. మట్టికోటకు హలసూరు, యలహంక, ఆనేకల్లు దిక్కుల ద్వారములుండెను; తరువాత కోటగోడలే పోయినవి. మొదటి ఏర్పాటును సంతతివారు మీరుటచేతనే వీధి బ్రదికినది. పేరు గాజులది, బేరము వేఱొకటి. దీనిని పతనమని యెవరును అనరు.

భాషవిషయమునను ఇట్లే జరిగినది. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో భాషాప్రాతిపదికమీద విస్తరించిన మైసూరు రాష్ట్రము ఏర్పడగా, ఈ పేటల తెలుగువారు కదలకుండగనే పొరుగు రాష్ట్రమువారైరి. వారి పిల్లలు బడిలో కన్నడము చదివి, ఇంట తెలుగు పలికిరి. ఆ తెలుగులో కన్నడపు మాటలు చేరినవి. బయలుదేరిన ఊరు నెఱుగక, చేరవలసిన ఊరు లేక, నడుమ నున్న తరములు వీరివి. ఐనను వీరు నౌకలోని ఖైదీలు కారు. ఎడమచేతి వైపు ఒక భాష, కుడిచేతి వైపు ఒక భాష ఉండగా, రెండును వాడుకొనిరి.

గిర్మిటు పాఠము

దారి మూసిన యాత్రకు దగ్గఱి దృష్టాంతము సముద్రమున కలదు. మద్రాసు రేవునుండి 1860లో నేటాలునకు, 1903 మొదలు ఫిజీకి పోయిన కూలీలలో తెలుగువారు పెక్కండ్రు. 1879 మొదలు 1916 వఱకు ఫిజీ చేరినవారు మొత్తము 60,000కు పైగా నుందురు. ‘అగ్రిమెంటు’ అను మాట వారి నోట ‘గిర్మిటు’ అయ్యెను. ఆ ఒడంబడిక అన్యాయమని భారతదేశమంతయు ఉద్యమించినది. మిగిలిన ఒడంబడికలు 1920 జనవరి 1న రద్దయినవి. అంత నిందింపబడిన ఆ ఒడంబడికలోనైనను మూడు అంశములుండెను. పని గడువు ఐదేండ్లు. పదియేండ్లు నివసించినచో తిరుగుప్రయాణము ఉచితము. అచ్చట పుట్టిన పిల్లలకును కొంత వయస్సు వచ్చువఱకు ఆ హక్కు కలదు. అనగా తండ్రి వ్రేలిముద్ర కొడుకును బంధింపరాదను ధర్మమును, ఎంత లోపముతోనైనను, ఆ కాగితము గుర్తించినది.

తరతరముల నౌక యొడంబడికలో గడువు లేదు, తిరుగుప్రయాణము లేదు, పిల్లల మాట లేదు. గిర్మిటు కంటె అది కఠినమైనది. ఫిజీలో నిలిచిపోయిన తెలుగువారు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగమును స్థాపించుకొని తమ భాషకు, బడులకు పాటుపడిరి. అది వారు ఎన్నుకొన్న పని. ఓడ నెక్కించినవారు అప్పగించినది కాదు. తేడా అంతయు ఇచ్చటనే కలదు.

సిద్ధాంతము

భూమియు ఒక నౌకయే కదా యని మఱొక ఆక్షేపము రావచ్చును. భూమిని విడిచి పోలేము, భూమి వనరులును మితములే. నిజము. కాని భూమి మీద ఒక వీధి చెడినను మఱొక వీధి కలదు; ఒకని అవిధేయత సర్వనాశము కాదు. అట్టి చోటును చెఱచి, సంతతివారికి ఒక్క దారి మాత్రమే మిగుల్చుట జరిగినచో భూమియు ఆ నౌకతో సమానమగును. కావున ఈ ధర్మము నక్షత్రములకు పోవువారికి మాత్రమే కాదు, ఇచ్చట నుండువారికిని చెల్లును.

పై విమర్శవలన మూడు నియమములు తేలుచున్నవి. పుట్టబోవువారికి యథార్థము దాపరాదు. ఆల్డిస్ నవల దీనిని బోధించును. వారికి మరలు దారిగాని, ప్రక్కదారిగాని ఉండవలెను. ‘అరోరా’ దీనిని బోధించును. వారు నిరాకరించినను బ్రదుకగలిగి యుండవలెను. దీనిని ఇంతవఱకు పరిశీలించిన నౌకాకథలలో ఏదియు పూర్తిగా బోధింపలేదు, దిలీపుని కథయు బళేపేటయు బోధించుచున్నవి. ఈ మూడును తీర్చగల నౌక కట్టబడువఱకు, వేగము పెరుగుటకో ఆయువు పెరుగుటకో వేచియుండి, పోవువారే చేరు యాత్రను కోరుట ధర్మ్యము.

ప్రవాసమున భాషను నిలుపగోరు సంఘములకును ఈ విచారము అవసరము. తెలుగు తరువాతి తరమునకు చేరవలెననుట ఉచితమైన కోరిక. కాని ఆ తరము కేవలము భాషను మోయుటకే పుట్టినదని తలచుట విల్‌కాక్స్ సంప్రదాయరక్షకుని పొరపాటు. బడి తెఱచియుంచవలెను, పుస్తకము అందుబాటున నుంచవలెను, ఇంట మాట వినిపింపవలెను. ఒక తరము దిలీపునివలె ఊరకున్నచో దూషింపక, ఆ బడిని మూయక నిలుపవలెను. భగీరథుడు ఎవరి యింట పుట్టునో ముందుగా ఎవరును చెప్పలేరు. పుట్టినవానికి గంగ సంగతి తెలియునట్లు చూచుట మాత్రమే పెద్దల చేతిలోని పని.